పిల్లలు చెబితేనే తెలుస్తుంది: ఒడిశా సరిహద్దు తెలుగు ఇళ్లలో టీనేజ్

"ఆరో క్లాసు దాకా స్కూల్లో జరిగిందంతా పూసగుచ్చినట్టు చెప్పేవాడండీ. ఇప్పుడు ఏం అడిగినా ఏం లేదంటాడు." బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, ఎక్కడైనా సరే, పదమూడు పద్నాలుగేళ్ల పిల్లలున్న తెలుగు ఇళ్లలో ఈ మాట తరచూ వినిపిస్తుంది. దాని వెనకాలే ఇంకో మాట వస్తుంది: "అందుకే వాడి ఫోన్ రోజూ చూస్తున్నాం." చెప్పడం మానేశాడు కాబట్టి కనిపెట్టి చూడాల్సి వస్తోందని తల్లిదండ్రుల బాధ. ఆ బాధ నిజమైనదే. అయితే అలా కనిపెట్టి చూడటం వల్ల మనకు ఎంత తెలుస్తోంది అన్నది ముందు తేల్చుకోవాలి.

2000లో హాకన్ స్టాటిన్, మార్గరెట్ కెర్ అనే పరిశోధకులు స్వీడన్‌లో పద్నాలుగేళ్ల పిల్లల్నీ వాళ్ల తల్లిదండ్రుల్నీ అడిగి చేసిన అధ్యయనం ఒకటి ప్రచురించారు. పిల్లలు ఎక్కడ ఉంటున్నారో, ఎవరితో తిరుగుతున్నారో తెలిసిన తల్లిదండ్రుల పిల్లలు చిక్కుల్లో పడటం తక్కువని అప్పటికే చాలామంది చూపించారు. అందుకే పిల్లల మీద ఓ కన్నేసి ఉంచమని నిపుణులు సలహా ఇచ్చేవారు. వీళ్లిద్దరూ అసలు ఆ తల్లిదండ్రులకు ఆ సంగతులు ఎలా తెలిశాయని ఆరా తీశారు. గుచ్చి గుచ్చి అడగడం వల్ల, ఆంక్షల వల్ల తెలిసింది కొంతే. ఎక్కువ భాగం పిల్లలు తమంతట తాము చెప్పడం వల్ల తెలిసింది.

స్వీడన్ ఇళ్లు వేరు, మన ఇళ్లు వేరు. అక్కడ మేనత్తలు, పిన్నులు, ట్యూషన్ సార్లు కలిసి ఒక పిల్లాడి మీద కాపలా కాయరు. అయినా ఈ ఫలితంలోని లాజిక్ మనకూ వర్తిస్తుందని నా గట్టి నమ్మకం. ఫోన్ చూస్తే మెసేజ్‌లు కనిపిస్తాయి. వాటిని ఆ పిల్ల భయపడి రాసిందో, సరదాకి రాసిందో, ఎవరైనా ఒత్తిడి చేస్తే రాసిందో కనిపించదు. అది తెలియాలంటే ఆ పిల్లే చెప్పాలి. కాబట్టి పిల్లలు ఎందుకు చెప్పడం మానేస్తారు, చెప్పాలంటే ఏం ఉండాలి అన్నవే అసలు ప్రశ్నలు.

జవాబులో కొంత భాగం శరీరంలోనే ఉంది. ఆడపిల్లల్లో ఎనిమిది నుంచి పదమూడేళ్ల మధ్య, మగపిల్లల్లో తొమ్మిది నుంచి పద్నాలుగేళ్ల మధ్య యవ్వన మార్పులు మొదలవుతాయి. మెదడు కూడా అప్పుడే కొత్తగా సర్దుకోవడం మొదలుపెడుతుంది. ఉత్సాహం, కోపం, ఆకర్షణ వంటివాటిని రగిలించే భాగాలు ముందుగా చురుకెక్కుతాయి. ఆగి ఆలోచించమని చెప్పే నుదుటి వెనక భాగం పూర్తిగా పక్వానికి రావడానికి ఇరవైల మధ్య దాకా పడుతుంది. ఈ రెంటి మధ్య ఉన్న ఎడమే టీనేజ్‌లో మనల్ని కంగారు పెట్టే చాలా పనులకు మూలం.

2022లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు ప్రచురించిన ఒక అధ్యయనం తల్లులందరికీ తెలియాల్సింది. పన్నెండేళ్ల లోపు పిల్లలకు అమ్మ గొంతు వినిపిస్తే మెదడులో ఆనందానికి సంబంధించిన భాగాలు, పరిచయం లేని గొంతు విన్నప్పటి కంటే ఎక్కువగా స్పందించాయి. పదమూడు దాటిన పిల్లల్లో ఇది తారుమారైంది. కొత్త గొంతులకు ఎక్కువ స్పందన వచ్చింది. బయటి ప్రపంచంలోకి వెళ్లి కొత్త మనుషులతో కలవాల్సిన వయసుకు మెదడు అలా సిద్ధమవుతోందని పరిశోధకులు అర్థం చెప్పారు. వంటింట్లోంచి మూడుసార్లు పిలిచినా పలకని కొడుకు, ఫ్రెండ్ ఒక్కసారి పిలిస్తే గుమ్మం దాటడం వెనక ఇదీ ఉంది. అది తల్లి మీద ప్రేమ తగ్గడం అనుకుని కుంగిపోవద్దు. పొగరు అనుకుని విరుచుకుపడితే మాత్రం, మన గొంతు వినగానే ముడుచుకుపోవడం వాళ్లకు అలవాటైపోతుంది.

స్నేహితుల సంగతి మరింత స్పష్టంగా తెలుసు. 2005లో మార్గో గార్డ్‌నర్, లారెన్స్ స్టైన్‌బర్గ్ చేసిన ప్రయోగంలో కంప్యూటర్ మీద బండి నడిపే ఆట ఆడించారు. ఒంటరిగా ఆడేటప్పటి కంటే తోటివాళ్లు పక్కన ఉన్నప్పుడు టీనేజ్ పిల్లలు ఎక్కువ సాహసాలు చేశారు. పెద్దవాళ్లలో ఆ తేడా కనిపించలేదు. మా అబ్బాయి బుద్ధిమంతుడు, బండి జాగ్రత్తగా నడుపుతాడు అని నాన్న చెప్పేది నిజమే కావచ్చు, నాన్న వెనక కూర్చున్నప్పుడు. గోపాల్‌పూర్ బీచ్‌కి ముగ్గురు ఎక్కి వెళ్లేటప్పుడు బండి మీద ఉండేది ఇంకో పిల్లాడు. పైగా 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం మైనర్ బండి నడిపి నేరం చేస్తే తల్లిదండ్రులకో, బండి యజమానికో మూడేళ్ల వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా పడవచ్చు. ఈ విషయంలో బేరాలు ఉండకూడదు. అన్నింటికీ వద్దనే ఇంట్లో ఈ వద్దు కూడా గుంపులో కలిసిపోతుంది. చిన్నవాటికి సరే అనే ఇంట్లోనే దీనికి బరువుంటుంది.

నిద్ర గురించి కూడా ఒక మాట. ఈ వయసులో నిద్ర ముంచుకొచ్చే వేళ గంట రెండు గంటలు ఆలస్యమవుతుంది. వాళ్లకు కావలసింది ఎనిమిది నుంచి పది గంటలు. మన దగ్గర పొద్దున్నే ట్యూషన్, ఎండలు ముదిరితే మార్నింగ్ స్కూల్. రాత్రి పన్నెండుకి పడుకుని ఐదింటికి లేచిన పిల్లాడితో ఆరింటికి మార్కుల గురించి మాట్లాడితే గొడవ తప్ప ఏమీ రాదు.

ఇంటి గుట్టు, పిల్లల గుట్టు

ఇవన్నీ ఎక్కడి పిల్లలకైనా ఉన్నవే. సరిహద్దు ఇళ్లలో వీటికి తోడు కొన్ని ప్రత్యేకమైన చిక్కులున్నాయి. వాటి గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు.

మొదటిది చుట్టరికం. పర్లాకిమిడి పక్కనే పాతపట్నం. బరంపురం నుంచి ఇచ్ఛాపురం ఎంతో దూరం లేదు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే రాష్ట్రమైనప్పుడు గీత అయితే గీశారు గానీ, పెళ్లి సంబంధాలు దాన్ని పట్టించుకోలేదు. అమ్మది టెక్కలి, నాన్నది పర్లాకిమిడి, అత్తది పలాస. ఇది గొప్ప బలం. కష్టం వస్తే రెండు వైపుల నుంచీ మనుషులు దిగుతారు. టీనేజ్ పిల్లకి మాత్రం ఇదే పెద్ద భయం. క్లాసులో ఒక అబ్బాయి చీటీ ఇచ్చాడని అమ్మతో చెప్పింది అనుకోండి. అమ్మ కంగారుపడి రాత్రికి టెక్కలిలో ఉన్న అక్కకి ఫోన్ చేస్తుంది. అక్క వాళ్ల కోడలికి చెబుతుంది. వచ్చే నెల పెళ్లిలో బావ వరస వాడు ఎవడో "ఏమే, చీటీలు వస్తున్నాయటగా" అని నలుగురిలో నవ్వుతాడు. ఆ పిల్ల మళ్లీ అమ్మతో ఏదీ చెప్పదు. అమ్మ మోసం చేయాలని చేసింది కాదు, భయమేసి అక్కకి చెప్పుకుంది. కానీ పిల్ల వైపు నుంచి చూస్తే, చెప్పినందుకు దొరికిన ఫలం అవమానం.

ఇంటి గుట్టు బయటపెట్టొద్దని పిల్లలకు నేర్పుతాం. పిల్లల గుట్టు మనం కూడా కాపాడాలి. ఎవరితోనైనా చెప్పక తప్పని విషయమైతే, "ఇది నాన్నకి చెప్పాలమ్మా, నువ్వు చెబుతావా, నన్ను చెప్పమంటావా?" అని ముందే అడగవచ్చు. ఈ ఒక్క అలవాటు ఫోన్‌లో పెట్టే ఏ యాప్ కంటే ఎక్కువ పనిచేస్తుంది.

రెండోది భాష. ఒడిశాలో చదివే మన పిల్లలు ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా, పుస్తకంలో ఇంగ్లిష్, ఫోన్‌లో హిందీ మాట్లాడతారు. స్నేహం, పోట్లాట, అలక, మొదటి ఇష్టం వాళ్లకు ఎక్కువగా ఒడియాలోనే జరుగుతాయి. ఇంట్లో తెలుగు తిన్నావా, స్నానం చేశావా, చదివావా దగ్గరే ఆగిపోతుంది. ఏదైనా లోతైన సంగతి చెప్పబోయి పిల్లాడు మధ్యలో ఒడియాలోకి జారితే "తెలుగులో చెప్పరా" అని ఆపేస్తాం. ఆ సంగతి అక్కడితో ఆగిపోతుంది. తెలుగు పోతుందేమోనన్న దిగులు నాకూ ఉంది. తెలుగు బడులు తగ్గిపోయిన ఊళ్లలో ఆ దిగులు సహజం. అయినా పిల్లాడు మనసు విప్పే వేళ భాషా పాఠానికి తగిన వేళ కాదు. తెలుగు నేర్పడానికి వేరే సమయం పెట్టుకోవచ్చు, తాతతో పేపర్ చదివించవచ్చు. ఈ పర్లాకిమిడిలోనే పంతులుగా పనిచేసిన గిడుగు రామమూర్తి సవర పిల్లలకు చదువు చెప్పడం కోసం ముందు తాను సవర భాష నేర్చుకున్నారు. పిల్లలకు నోరు తిరిగే భాష వైపు పెద్దవాళ్లు కదలడం ఈ ఊరికి కొత్తేమీ కాదు.

మూడోది నాకు అన్నింటికంటే ముఖ్యంగా కనిపిస్తుంది. శ్రీకాకుళం వైపు నుంచి కోడళ్లుగా వచ్చిన తల్లుల్లో చాలామందికి ఒడియా వినడం, కాస్త మాట్లాడటం వస్తుంది గానీ చదవడం రాదు. బ్యాంకు ఫారం, కరెంటు బిల్లు, తహసీల్ ఆఫీసు నోటీసు, స్కూల్ డైరీ, అన్నీ పిల్లలే చదివి చెప్పాలి. తొమ్మిది పదేళ్ల వయసు నుంచే వాళ్లు ఇంటికి నోరు, చెవి అవుతారు. నాన్న అప్పు ఎంతో వాళ్లకు తెలుసు. అమ్మ రిపోర్టులో ఏముందో వాళ్లకు తెలుసు. పద్నాలుగేళ్ల కొడుకు హాస్పిటల్లో డాక్టర్ ముందు నిలబడి, అమ్మ ఆడవాళ్ల సమస్యను ఒడియాలో చెప్పాల్సి వస్తుంది. ఇంటికొచ్చాక అదే కొడుకుతో "చిన్నపిల్లాడివి, పెద్దల మాటల్లో దూరకు" అంటాం. ఆఫీసులో పెద్దవాడు, ఇంట్లో చిన్నవాడు. ఈ ఎగుడుదిగుడే చాలా ఇళ్లలో ఎదురు సమాధానంగా బయటికి వస్తుంది.

వలస కుటుంబాల్లో ఇలా దుబాసీ పని చేసే పిల్లల గురించి వేరే దేశాల్లో చాలా పరిశోధన జరిగింది. ఫలితాలు ఒక్కలా లేవు. ఇంట్లో ఆ పనికి గౌరవం ఉన్నచోట పిల్లలకు ఆత్మవిశ్వాసం పెరుగుతుంది. అది తమ మీద మోపిన భారం అనిపించినచోట దిగులు, చికాకు పెరుగుతాయి. మన ఇళ్లలో దీన్ని ఒక పనిగానే లెక్కించం. "నువ్వు రాబట్టి ఆ పని అయింది బాబూ" అని నాన్న నలుగురిలో ఒక్క మాట అంటే సరిపోయే చోట మౌనంగా ఊరుకుంటాం.

కొన్ని హద్దులూ పెట్టుకోవాలి. తల్లి ఆరోగ్య విషయాలకు వీలైనంతవరకు పెద్దవాళ్లెవరైనా తోడు వెళ్లాలి. పక్కింటి ఒడియా ఆమెను అడగడంలో నామోషీ లేదు. స్కూల్లో పేరెంట్స్ మీటింగ్‌కి పిల్లాడినే దుబాసీగా పెట్టకూడదు. సార్ ఒడియాలో చెప్పిన ఫిర్యాదు కొడుకు నోట "బాగానే చదువుతున్నాడట" అయిపోతే తప్పు వాడిది కాదు, అలాంటి చోట వాడిని నిలబెట్టిన మనది. తెలుగు వచ్చిన టీచర్ ఒకరైనా చాలా స్కూళ్లలో ఉంటారు. లేదంటే మీటింగ్‌కి మావయ్యనో, బాబాయినో తీసుకెళ్లాలి.

దూరాన ఉన్న నాన్న

గంజాం జిల్లా నుంచి సూరత్ మరమగ్గాలకు వలస దశాబ్దాలుగా సాగుతోంది. ఈ జిల్లాల మగవాళ్లు హైదరాబాద్‌కి, విశాఖకి, ఇంకా దూరాలకూ పనికి వెళ్తారు. అలాంటి ఇళ్లలో పిల్లలకు నాన్న అంటే రాత్రి పూట వచ్చే వీడియో కాల్. ఆ కాల్ ఎలా సాగుతుందో అందరికీ తెలుసు. "బాగున్నావా? చదువుతున్నావా? అమ్మ మాట వింటున్నావా? సరే, అమ్మకియ్యి." పిల్లాడు మూడు సార్లు ఊ కొడతాడు.

పన్నెండు గంటల షిఫ్ట్ చేసి వచ్చిన మనిషిని ఇంకా ఏం మాట్లాడమంటారు అని అడగవచ్చు. ప్రశ్నలు తగ్గించి తన రోజు గురించి రెండు సంగతులు చెబితే చాలు. ఈరోజు ఏ మగ్గం ఆగిపోయింది, రూములో వంట ఎవరిది, ఎవరితో మాట పట్టింపు వచ్చింది. నాన్న తన చిరాకులు చెప్పినప్పుడే కొడుకు తన చిరాకులు చెప్పడానికి నోరు విప్పుతాడు. గొంతుకు విలువ ఉంది కూడా. 2012లో అమెరికాలో ఒక పరిశోధనలో పన్నెండేళ్ల లోపు ఆడపిల్లలకు కాస్త టెన్షన్ పుట్టించే పరీక్ష పెట్టి, తర్వాత తల్లితో మాట్లాడనిచ్చారు. ఎదురుగా గానీ ఫోన్లో గానీ అమ్మ గొంతు విన్నవాళ్లలో ఒత్తిడి హార్మోన్ తగ్గింది. అమ్మతో మెసేజ్‌లు మాత్రమే నడిపినవాళ్లలో తగ్గలేదు. కాబట్టి పరీక్ష రోజు నాన్న వాట్సాప్‌లో పంపే ఆల్ ది బెస్ట్ బొమ్మ కంటే ఒక నిమిషం ఫోన్ కాల్ మేలు.

నాన్న దూరంగా ఉన్నచోట తల్లులు వాడే ఒక ఆయుధం గురించి కూడా చెప్పాలి. "ఉండు, నాన్నకి చెబుతా" అన్న బెదిరింపు. ఏడాదికి ఒకటి రెండుసార్లు ఇంటికొచ్చే మనిషిని పోలీసుగా చూపిస్తే, వచ్చిన ఆ కొద్ది రోజులూ పిల్లలు ఆయనకు దూరంగానే తిరుగుతారు.

చెప్పుకోని సంగతులు, మెట్రిక్ తర్వాతి దారి

రజస్వల అయిన ఆడపిల్లకు మన ఇళ్లలో వేడుక చేస్తారు, అందరినీ పిలుస్తారు. కానీ ఆ శరీరంలో ఏం జరుగుతోందో ఆ పిల్లకు విడమర్చి చెప్పేవాళ్లు తక్కువ. మగపిల్లలకైతే అసలు ఎవరూ చెప్పరు, వాళ్లు ఫోన్‌లో చూసి తప్పుడు సంగతులు నేర్చుకుంటారు. ఒడిశా తీర జిల్లాల్లో జూన్ నడిమిలో మూడు రోజులు రజ పండుగ చేస్తారు. భూదేవి ఋతుమతి అయిందని నమ్మి దున్నడం ఆపేస్తారు, ఆడపిల్లలు ఉయ్యాలలూగుతారు. నెలసరి గురించి కొడుకుతో సహా మాట్లాడటానికి అంతకంటే మంచి సందర్భం దొరకదు. ఆ మూడు రోజులు ఎందుకని అడిగితే జవాబు దానంతట అదే వస్తుంది.

పదో తరగతి, ఇక్కడి మాటలో మెట్రిక్, అయ్యేసరికి ప్రతి ఇంట్లోనూ ఒక తగవు. ఇక్కడే ప్లస్ టూ చేయాలా, ఆంధ్రాకి వెళ్లి విశాఖలోనో, విజయనగరంలోనో హాస్టల్లో ఉండి ఇంటర్ చేయాలా? ఈ నిర్ణయం పెద్దవాళ్లు రాత్రి పూట తీసుకుని పొద్దున్న పిల్లలకు చెబుతారు. ఇది మార్కుల సంగతి మాత్రమే కాదు. ప్రభుత్వ మెడికల్ కాలేజీల్లో 15 శాతం సీట్లు దేశమంతటికీ, మిగతా 85 శాతం ఆ రాష్ట్రం కోటా కింద ఉంటాయి. స్థానికులెవరన్నది రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో, తెలంగాణలో రాజ్యాంగంలోని 371డి అధికరణం కింద వచ్చిన స్థానికత నియమాలు వేరుగా ఉన్నాయి. ఎక్కడ చదివితే ఎక్కడ లోకల్ అవుతారో తెలియకుండా హాస్టల్లో వేస్తే రెండు వైపులా కాకుండా పోయే ప్రమాదం ఉంది. ఆ సంవత్సరం నోటిఫికేషన్లు, ఫీజుల కాగితాలు పిల్లల ముందే పరిచి, "మనకున్న డబ్బు ఇది, దారులు ఇవి, నీ మనసులో ఏముంది?" అని అడగాలి. చివరి మాట పెద్దవాళ్లదే అయినా, తన మాట విన్నాకే తీసుకున్నారని తెలిసిన పిల్ల హాస్టల్లో కష్టం వస్తే ఫోన్ చేసి చెబుతుంది. బలవంతాన పంపిన పిల్ల చాలాసార్లు చెప్పదు. చెబితే "నీ కోసం లక్షలు పోశాం" అన్న మాట వస్తుందని దానికి ముందే తెలుసు.

పిల్లలు ఏదైనా చెప్పిన మొదటి రెండు నిమిషాల్లో మనం ఏం చేస్తామన్నది ఇక్కడ పెద్ద లెక్క. ఆ రెండు నిమిషాలు తీర్పు చెప్పకుండా, పోలిక తేకుండా, సలహా ఇవ్వకుండా వినగలగాలి. "తర్వాత ఏమైంది?" అన్న ఒక్క ప్రశ్న చాలు. శిక్ష తప్పని పని చేసి ఉంటే శిక్ష మరుసటి రోజు వేయవచ్చు. చెప్పినందుకు మాత్రం శిక్ష పడకూడదు. ఎదురెదురుగా కూర్చోబెట్టి మాట్లాడితే చాలామంది పిల్లలు బిగుసుకుపోతారు. బండి వెనక కూర్చున్నప్పుడో, రాత్రి మేడ మీద పక్కలు వేస్తున్నప్పుడో, అమ్మతో కలిసి కూర తరుగుతున్నప్పుడో మాట దానంతట అదే బయటికి వస్తుంది.

కొన్నిసార్లు ఇవేవీ సరిపోవు. 2021లో వచ్చిన ఒక అంతర్జాతీయ సమీక్ష ప్రకారం మానసిక సమస్యల్లో దాదాపు మూడో వంతు పద్నాలుగేళ్ల లోపు, సగం దాకా పద్దెనిమిదేళ్ల లోపు మొదలవుతాయి. రెండు వారాలకు మించి దిగులుగా ఉండటం, తిండి నిద్ర బాగా మారిపోవడం, ఇష్టమైన స్నేహితుల్ని కూడా తప్పించుకోవడం, చేతుల మీద కోసుకున్న గుర్తులు, బతకడం ఎందుకన్న మాటలు, ఇవి కనిపిస్తే వయసు ప్రభావమని తోసిపుచ్చకూడదు. చనిపోవాలనిపిస్తోందా అని నేరుగా అడిగితే ఆ ఆలోచన కొత్తగా పుట్టదు. అడిగినందుకు చాలామంది పిల్లలు ఊపిరి పీల్చుకుంటారు. మానసిక సాయం కోసం ప్రభుత్వం 2022 అక్టోబర్‌లో మొదలుపెట్టిన టెలి మానస్ నంబర్ 14416 రోజంతా ఉచితంగా పనిచేస్తుంది. తెలుగులోనూ ఒడియాలోనూ మాట్లాడవచ్చు. పిల్లలకు ఎవరి వల్లనైనా ప్రమాదం ఉందనిపిస్తే పిల్లల సహాయ నంబర్ 1098కి ఫోన్ చేయాలి. బరంపురం ఎం.కె.సి.జి. మెడికల్ కాలేజీ ఆస్పత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. అక్కడికి వెళ్లేటప్పుడు పిల్ల తన మాట తనే ఒడియాలో చెప్పుకోగలదు. అమ్మానాన్నలు చెప్పేది డాక్టర్‌కి చేరవేసే పని మాత్రం ఆ రోజు పిల్ల మీద పెట్టకుండా, ఒడియా వచ్చిన పెద్దవాళ్లు ఒకరు వెంట ఉండాలి.